ముసలమ్మ లేచేదాకా

సంగీత పాఠశాల వెనుక, సైకిళ్ల షెడ్డుకూ నీళ్ల తొట్టికీ నడుమ ఉన్న గదిలో, కొత్తగా చేరిన పిల్లలకు పియానో నేర్పే పంతులమ్మ నా భార్యకు స్వయానా చెల్లెలు. బంధుత్వం చేత ఆమె పక్షం వహించి రాస్తున్నానని ఎవరైనా అనవచ్చును. అననివ్వండి. ఆ గదిలో జరిగినది తెలిసి కూడా ఏ పక్షమూ వహించకుండా కూర్చోగలిగినవారు ఉంటే వారికి నా నమస్కారం. వారితో నాకు పని లేదు.

ఆమె ఆ గదిలోకి మొట్టమొదట వచ్చినప్పుడు బల్ల మీద కూర్చుంటే కాళ్లు నేలకు అందేవి కావు. మా మామగారు అదే పాఠశాలలో గంట కొట్టే ఉద్యోగి. సాయంత్రం గదులన్నిటికీ తాళాలు వేసేదాకా ఈ చిన్న కూతురు ఆయన వెనుకే తిరుగుతుండేది. ఊరికే తిరుగుతున్న పిల్లను అప్పటి పంతులమ్మ పిలిచి పియానో ముందు కూర్చోబెట్టింది. కూర్చున్న పిల్ల మరి లేవలేదు. పరీక్షలన్నీ గట్టెక్కి, ఆ పంతులమ్మ ఉద్యోగ విరమణ చేసిన తరువాత అదే గదిలో అదే కుర్చీకి వచ్చింది. పెళ్లి సంగతి ఎత్తినవారికి, "ముందు మా క్లాసు పిల్లలకి గోళ్లు కత్తిరించి రానివ్వండి, తర్వాత చూద్దాం" అని జవాబు చెప్పేది. అది మాటవరసకు అన్నది కాదు. గోళ్ల కత్తెర ఎప్పుడూ ఆమె చేతిసంచిలోనే ఉండేది.

ఆ గదికి ఒక గోడ ఉన్నది. ఈ వృత్తాంతంలో అసలు దోషి అదే గనుక దానిని గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. పై కప్పు మీది వాననీటి గొట్టం ఆ గోడ లోపలినుంచి దిగుతుంది. లోపల ఎక్కడో పగిలింది. వాన పడినప్పుడల్లా గోడ చెమర్చి, సున్నం బుడగలు కట్టి, పొరలు పొరలుగా రాలుతుంది. గదికి ఒక పక్క తలుపు, మరొక పక్క కిటికీ, మూడవ పక్క బీరువా ఉండటం చేత పియానోకు ఆ గోడ తప్ప వేరే గతి లేదు. ఆమె పియానో కాళ్ల కింద ఇటుకలు పెట్టించింది. గోడకూ దానికీ మధ్య చెమ్మ పీల్చడానికి బొగ్గుల బుట్ట ఉంచింది. పాఠం ముగియగానే మీటలన్నీ పొడిగుడ్డతో తుడిచేది. ఏటా వానలకు ముందు గోడ మరమ్మతు కోరుతూ వినతిపత్రం పెట్టుకునేది. నా దస్తూరీ కుదురుగా ఉంటుందని శుద్ధప్రతి నాచేత రాయించేది. "తమ దృష్టికి తీసుకొని రావడమేమనగా" అని ఏటా నేను మొదలుపెట్టడమూ, "విషయము పరిశీలనలో ఉన్నది" అని ఏటా వారు ముగించడమూ ఆనవాయితీ అయింది. ఒక గోడను అంతకాలం పరిశీలించినవారికి అది గోడ అన్న సంగతి అయినా తేలిందో లేదో నాకు తెలియదు.

ఆ చెమ్మకు పియానోలో కొయ్య ఉబ్బింది. ఎడమచేతి వైపున, లోతుగా పలికే ఒక తెల్లమీట నొక్కితే బాగానే దిగుతుంది, స్వరమూ బాగానే పలుకుతుంది. కాని వేలు తీసిన వెంటనే పైకి రాదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి పీట మీదనుంచి లేచినట్లు మెల్లగా లేస్తుంది. అది పూర్తిగా లేచేలోపు మళ్లీ నొక్కితే పలకదు. పిల్లలు దానికి ముసలమ్మ అని పేరు పెట్టారు. నా మరదలు చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆ పేరు ఉన్నదట. పాతపిల్లలు కొత్తపిల్లలకు మొదటిరోజే చెప్పే మాట ఒకటే: "ముసలమ్మ లేచేదాకా ఆగు."

మొదటి పరీక్షకు నిర్ణయించిన పాఠం ఒక చిన్న నాట్యగీతం. పాశ్చాత్య సంగీతంలో రొమాంటిక్ యుగమనే కాలం నాటిది. పట్టుమని ఒక పేజీ ఉండదు. చిన్నచేతులు అందుకోగలిగినంతలో హుషారుగా సాగుతుంది. మూడేసి దెబ్బల నడక. ఎడమచెయ్యి కింద ఒకసారి దిగి, పైన రెండుసార్లు తడుతుంది. కుడిచెయ్యి దానిమీద పాట అల్లుతుంది. దిగవలసిన ఆ మొదటి దెబ్బ, వరుస తరువాత వరుసలో, ముసలమ్మ మీదనే పడుతుంది. అట్లాంటి పాఠాన్ని అట్లాంటి మీట మీద నేర్పడం ఎట్లా?

నా మరదలు పిల్లల చేత చెప్పులు విప్పించి గదిలో నాట్యమాడించేది. "కూర్చో, లే, గెంతు! కూర్చో, లే, గెంతు!" అని చప్పట్లు కొట్టేది. "గెంతినోళ్లు వెంటనే కింద పడతారా? పడరుగా. కాసేపు గాల్లో ఉంటారు. ఆ గాల్లో ఉన్నప్పుడే ముసలమ్మ లేస్తుంది. ఆవిడ లేచాక దిగండి. తొందరపడ్డారో, ఆవిడ మూగనోము పడుతుంది." ఆ విధంగా ఆ గదిలో నేర్చిన పిల్లలందరి వాద్యంలోనూ మూడవ దెబ్బ తరువాత ఒక లిప్తపాటు పాదం గాలిలో ఆగుతుంది. వినేవారికి అది పియానో లోపమని తోచదు. ఎవరో నిజంగా గెంతారనిపిస్తుంది. అంతకుముందు పరీక్షకులందరూ ఆ గదికే వచ్చి, ఆ పియానో మీదనే విని, ఏ ఆక్షేపణా లేకుండా ఉత్తీర్ణులను చేసి వెళ్లారు.

ఆ ఏడు పాఠశాలకు కొత్త హాలు కట్టారు. గోడకు లేని నిధులు హాలుకు ఎక్కడనుంచి వచ్చాయో పరిశీలించవలసినవారు పరిశీలించలేదు. అందులో కొత్త పియానో పెట్టారు. పరీక్షలు అక్కడ జరగాలన్నారు. పై కార్యాలయం నుంచి కొత్త పరీక్షకుడు వచ్చాడు. పిల్లలు ఒకరి తరువాత ఒకరు వేదిక ఎక్కి, మెరిసే పియానో ముందు కూర్చుని, అక్కడ లేని ముసలమ్మ లేచేదాకా మర్యాదగా ఆగారు. అందరూ ఒకేచోట ఆగారు. పరీక్షకుడు మొదటి పిల్లకు ముఖం చిట్లించాడు. రెండవ పిల్లవాడికి కళ్లజోడు తీశాడు. చివరకు కలం మూత పెట్టేసి, "క్లాసుకి క్లాసే కుంటుతోంది" అన్నాడు.

తరగతి మొత్తం తప్పింది. వారం తిరగకముందే, ప్రథమ తరగతి బోధన లోపభూయిష్టంగా ఉన్నందున దానిని నిలిపివేసి, గదిని పాత బెంచీలు పెట్టుకోవడానికి కేటాయించే ఆలోచన ఉన్నట్లు ప్రిన్సిపాలుగారు తెలియజేశారు. బోధన లోపభూయిష్టం! గోడ కాదు, గొట్టం కాదు, ఉబ్బిన కొయ్య కాదు, బోధన. ఆ మాట రాసిన చేతికి నొప్పి అయినా పుట్టలేదు.

ఆమె ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కళ్లలో నీళ్లు లేవు, నిప్పులున్నాయి.

"నన్ను తీసేస్తే తీసేయమనండి బావగారూ. పిల్లలు కుంటుతున్నారని రాస్తారా? వాళ్లనా అనేది?"

"నెమ్మదిగా ఆలోచిద్దాం అమ్మాయ్."

"ఇన్నాళ్లూ నెమ్మదిగానే కదా ఆలోచించారు వాళ్లు!"

మర్నాడు ఆమె ప్రిన్సిపాలుగారి గదికి వెళ్లింది. తోడు నేను వెళ్లాను. మాకంటె ముందే అక్కడ ఒక పెద్దావిడ నిలబడి ఉన్నది. ఆమె బట్టల ఇస్త్రీ దుకాణం నడుపుకుంటూ మనవరాలిని సాకుతున్నది. ఆ మనవరాలు క్లాసులో అందరికంటె చిన్నది. కుదురుగా ఒకచోట ఉండదు గనుక పిచ్చుక అని పిలుస్తారు.

"మా పిల్ల కుంటిదన్నారట, ఎవరయ్యా అన్నది?" అని పెద్దావిడ అడుగుతున్నది. "నిన్న సాయంత్రం కూడా నా ఇస్త్రీ బల్ల చుట్టూ గెంతి గెంతి, మడతపెట్టిన బట్టలన్నీ కింద పడేసింది. కుంటిదానికి అంత గెంతుడెక్కడిది?"

"అది కాదమ్మా, అది సంగీతంలో ఒక మాట..."

"సంగీతంలో మాటలెందుకయ్యా? సంగీతమే ఉండాలి గానీ!"

ప్రిన్సిపాలుగారు తల పట్టుకుని మా వైపు తిరిగారు. ఆయన చెడ్డమనిషి కాడు. ఎవరినీ నొప్పించకూడదనుకుంటాడు; ఆ కారణం చేతనే, నోరు లేనివారిని నొప్పించడం ఆయనకు సులువు.

"మళ్లీ పరీక్ష పెట్టించండి సార్" అన్నది నా మరదలు. "మా గదిలో, మా పియానో మీద."

"ఆ గదిలోనా? ఎగ్జామినరుగారు ఆ వాసనకి కూర్చోగలరా?"

"పిల్లలు కూర్చుంటున్నారుగా సార్."

పెద్దావిడ కుర్చీ ఒకటి లాక్కుని, మరో పరీక్షకు తేదీ చెప్పేదాకా లేవనని కూర్చుంది. "ఇస్త్రీ పెట్టె చల్లారితే చల్లారింది" అన్నది. తేదీ ఇచ్చారు. మళ్లీ తప్పితే క్లాసు మూసేస్తామనీ, ఈసారి ఇక మాట ఉండదనీ కూడా చెప్పారు.

పరీక్ష రేపనగా మధ్యాహ్నం, పియానోలు శ్రుతి చేసే మేస్త్రీ సంచి భుజాన వేసుకుని ఆ గదికి వచ్చాడు. ఇన్ని వినతిపత్రాలకు రానివాడు, ఎవరూ పిలవకుండా వచ్చాడు. ఎవరు పంపారో అడగనవసరం లేదు. నా మరదలు మీటల మీది మూత దించి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"ఎల్లుండి రా అన్నయ్యా."

"ఇవాళే చెయ్యమన్నారమ్మా. ఎడమపక్క ఏదో మీట పట్టేస్తోందటగా. అరగంట పని."

"ఇన్నేళ్లూ లేని అరగంట ఇవాళ దొరికిందా?"

"నా మీద కోప్పడితే ఏం లాభం? నన్ను రమ్మంటే కదా వచ్చేది." మేస్త్రీ సంచి దించి నాకేసి చూశాడు. "బాగుచేస్తే మంచిదే కదండీ? పిల్లలు పాసవుతారు."

"అవరు" అన్నది ఆమె. "చేతికి అలవాటైపోయింది, మీట లేచినా ఆగుతారు. పైగా రేపు ఆయనొచ్చి నొక్కితే అది చక్కగా లేస్తుంది. అప్పుడు తప్పెవరిదని రాస్తారు? నాది రాస్తే సరే. పిల్లలది రాస్తారు."

మేస్త్రీ సంచి మళ్లీ భుజాన వేసుకున్నాడు. పిల్లల కోసం ఉంచిన మంచినీళ్లు ఒక గ్లాసు తాగాడు.

"అయితే స్క్రూడ్రైవరు ఇంట్లో మర్చిపోయానని చెప్తాను" అన్నాడు. స్క్రూడ్రైవరు ఆయన చొక్కా జేబులోనుంచి పైకి కనిపిస్తూనే ఉన్నది. గుమ్మం దాకా వెళ్లి, దానిని సంచి అడుగున దాచుకుని మరీ వెళ్లాడు.

పరీక్షరోజున వాన పడింది. గోడ ఎప్పటివలెనే చెమర్చింది. పరీక్షకుడు రుమాలు ముక్కుకు అడ్డుపెట్టుకుని లోపలికి వచ్చాడు. ప్రిన్సిపాలుగారు ఆయన వెనుక, కనిపించీ కనిపించకుండా నిలబడ్డారు. గుమ్మంలో పిచ్చుక అమ్మమ్మ, కిటికీ అవతల తక్కిన పిల్లల తల్లిదండ్రులు గొడుగులు పట్టుకుని ఉన్నారు. మొదట పిచ్చుకను పిలిచారు. నా మరదలు కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. ఆమె పెదవులు మాత్రమే కదులుతున్నాయి: కూర్చో, లే, గెంతు.

పిచ్చుక మొదలుపెట్టింది. రెండు వరుసలు పూర్తి కాకుండానే పరీక్షకుడు చెయ్యెత్తి ఆపాడు.

"అక్కడ ఎందుకు ఆగావు?"

"ముసలమ్మ లేవాలి కదండీ."

"ఏ ముసలమ్మ?" అని ఆయన తల తిప్పి గుమ్మంవైపు చూశాడు.

"నన్నెందుకు చూస్తారు బాబూ?" అన్నది పెద్దావిడ. "నేను నిలబడే ఉన్నాను."

కిటికీ అవతల నవ్వులు వినిపించాయి. పిచ్చుక మాత్రం నవ్వలేదు; పరీక్ష అంటే ఆ పిల్లకు గౌరవం. ఆయన వేలు పట్టుకుని తీసుకుపోయి ఆ మీట మీద పెట్టింది. "మెల్లగా నొక్కండి. ఇప్పుడు వదలండి. ఆగండి, ఆగండి... అప్పుడే కాదు... ఆఁ, ఇప్పుడు."

పరీక్షకుడు నొక్కాడు. వదిలాడు. వెంటనే మళ్లీ నొక్కితే పలకలేదు. రుమాలు జేబులో పెట్టుకుని, వంగి, మీట లేవడం కళ్లతో చూశాడు. తరువాత పియానో వెనుకకు వెళ్లి గోడ మీద అరచెయ్యి ఆనించాడు. అరచెయ్యి తడిసింది.

"ఇది ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది?"

"నేను ఈ గదిలో నేర్చుకున్నప్పటినుంచీ" అన్నది నా మరదలు.

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పామండీ. ఏటా చెప్పాం."

"ఫైలు నడుస్తోందండీ" అన్నారు ప్రిన్సిపాలుగారు వెనుకనుంచి.

"నడుస్తోందా?" అన్నది పెద్దావిడ. "పాపం, దానికీ మోకాళ్లనొప్పులేమో."

తక్కిన పిల్లలను ఆయన మధ్యలో ఆపలేదు. చివరిదాకా విని, వానలోనే వెళ్లిపోయాడు.

నాలుగు రోజులకు ఉత్తరువు వచ్చింది. పిల్లలందరూ ఉత్తీర్ణులు. క్లాసు కొనసాగుతుంది. నేను సంతోషించి రెండవసారి చదివాను, అప్పుడు కనిపించింది. "వాద్యపరికరమునకు సంబంధించిన ఇబ్బందులను దృష్టిలో ఉంచుకొని, విద్యార్థులపై ప్రత్యేక దయతో" అని ఉన్నది. అదే మాట పిల్లల పత్రాలన్నిటి మీదా రాబోతున్నది.

"సంతకం చేసి తీసుకో అమ్మాయ్" అన్నాను. "క్లాసు దక్కింది. కార్యాలయం భాష అట్లాగే ఉంటుంది."

"దయా?" అన్నది ఆమె. "ఎవరు ఎవరి మీద చూపించారు బావగారూ దయ? చెమ్మగోడ పక్కన దగ్గుకుంటూ కూర్చుని, పాడైపోయిన మీటని కసురుకోకుండా, అది లేచేదాకా ఆగి, పాట చెడకుండా వాయించింది వాళ్లు. దయ చూపించింది పిల్లలు! ముసలమ్మ మీద చూపించారు. ఈ పాఠశాల మీద చూపించారు. ఆ మాట తీసెయ్యమనండి."

"తిప్పి పంపితే మొత్తం రద్దు చేస్తారేమో."

"చెయ్యమనండి. పిచ్చుక పెద్దదయ్యాక ఆ కాగితం చూసుకుని, నేను దయతో పాసయ్యాననుకోవాలా?"

కార్యాలయ భాషలో నా జీవితం గడిచింది. అందులో ఒక మాట అన్యాయంగా కూర్చుని ఉంటే, అది భాష తీరు అని సరిపెట్టుకోవడం నాకూ అలవాటు. ఆనాడు ఆమె ముందు ఆ అలవాటు పనికి రాలేదు. ఉత్తరువును తిప్పి పంపుతూ వినతి రాశాము. "దయ అను మాటను తొలగించవలసినదిగా కోరడమైనది, విద్యార్థులు దయను కోరి ఉండలేదు." అంతకంటె ఒక్క అక్షరం ఎక్కువ రాయనివ్వలేదు ఆమె. విధేయురాలు అన్న మాట కూడా కొట్టివేయించింది.

ప్రిన్సిపాలుగారు కబురు పెట్టారు; వచ్చినదానిని కాలదన్నుకుంటున్నారన్నారు. ఆమె వెళ్లలేదు. పిల్లలకు పాఠం ఉన్నదన్నది. క్లాసు ఉంటుందో ఊడుతుందో తెలియని ఆ రోజులలో ఆమె మా ఇంటనే ఉన్నది, అన్నం సరిగా తినలేదు; అయినా తెల్లవారగానే పొడిగుడ్డ, గోళ్ల కత్తెర సంచిలో వేసుకుని బయలుదేరేది. బెంచీలు మోసే కూలీలు ఒకసారి గది కొలతలు తీసుకోవడానికి వచ్చారు. "పాఠం అయ్యాక రండి" అని తలుపు వేసింది.

చివరకు కాగితం పరీక్షకుడి వద్దకే వెళ్లిందట. ఆయన దానిని తన చేతితోనే దిద్ది పంపాడు. దయ లేదు, ప్రత్యేకం లేదు. "వాద్యపరికరము లోపభూయిష్టము. విద్యార్థులు ఉత్తీర్ణులు." లోపభూయిష్టమన్న మాట, ఇంతకాలానికి, కూర్చోవలసిన చోట కూర్చున్నది.

ఆ తరువాత మేస్త్రీ స్క్రూడ్రైవరుతో సహా వచ్చాడు. కొయ్య చెక్కి, మీట సవరించి, నూనెగుడ్డతో తుడిచి వెళ్లాడు. ముసలమ్మ ఇప్పుడు పడుచుపిల్లవలె లేస్తున్నది. పిల్లలు ఒకరోజంతా దిగులుపడ్డారు. ఒకడు "చచ్చిపోయిందా?" అని కూడా అడిగాడు.

గోడను ఎవరూ ముట్టుకోలేదు.

మొన్న ఒక సాయంత్రం ప్రిన్సిపాలుగారు ఆ వైపు వచ్చి, గదిలోకి తొంగిచూసి, గోడకు ఆనుకుని నిలబడ్డారు. పిచ్చుక అదే నాట్యం వాయిస్తున్నది. మూడవ దెబ్బ తరువాత, ఎప్పటివలెనే, ఆ లిప్తపాటు.

"ఇంకా ఆగుతున్నావేమిటమ్మా?" అన్నారాయన. "బాగు చేయించాం కదా. ముసలమ్మ లేచే ఉందిగా."

"ముసలమ్మ కోసం కాదండీ" అన్నది పిచ్చుక, చేతులు మీటల మీదనుంచి తీయకుండానే. "గెంతాను కదా. ఇంకా కింద పడలేదు."

ప్రిన్సిపాలుగారు నవ్వి వెళ్లిపోయారు. ఆయన నల్లకోటు వీపు నిండా తడిసున్నం అంటుకుని ఉన్నది. పిల్లలు చూశారు, నా మరదలు చూసింది, నేను చూశాను. ఎవరమూ పిలిచి చెప్పలేదు. ఆ గోడ సంగతి మేము వ్రాతపూర్వకంగా ఇదివరకే చెప్పి ఉన్నాము.